మన ఊరి స్టేడియం వయసెంత? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గోదావరి డెల్టాలో ఊరి స్టేడియం మీదో, కాలేజీ గ్రౌండు మీదో చరిత్ర రాసేందుకు పూనుకున్నవాళ్ల దగ్గర్నుంచి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా పట్టణం స్టేడియం బ్రిటిష్ వాళ్ల కాలం నాటిదని పెద్దలు అంటారండి. గేటు పక్కన శిలాఫలకం మీద మాత్రం 1980ల తేదీ ఉంది. ఏది నమ్మాలి? అసలు వయసు ఎక్కడ దొరుకుతుంది?
(పశ్చిమ డెల్టా నుంచి ఒక పాఠకుడు)

రెండూ నిజం కావచ్చు. శిలాఫలకం గ్యాలరీ వయసో, ప్రహరీ వయసో చెబుతుంది. పెద్దలు చెప్పేది ఆట వయసు. మీరు వెతకాల్సిన మూడోది నేల వయసు. అంటే ఆ స్థలం ఆటస్థలంగా సర్కారు కాగితం మీదికి ఎప్పుడు ఎక్కిందన్నది. ఈ మూడు తేదీలనూ విడివిడిగా రాసుకోండి. కలిపేస్తే చరిత్ర అంతా గందరగోళమవుతుంది.

మొదలుపెట్టాల్సింది సర్వే నంబరుతో. పట్టణమైతే మున్సిపాలిటీలో టి.ఎస్.ఎల్.ఆర్. (టౌన్ సర్వే ల్యాండ్ రిజిస్టరు) నకలు తీసుకోండి. అందులో వార్డు, బ్లాకు, టి.ఎస్. నంబరు ఉంటాయి. దాంతో పాటు పాత ఆర్.ఎస్. (అప్పటి రీసర్వే) నంబరుకూ కొత్త టి.ఎస్. నంబరుకూ పొంతన చూపే పట్టిక అడగండి. అది లేకపోతే పాత రికార్డుల్లోకి దారి దొరకదు. పాత నంబరు చేతికొచ్చాక తహసీల్దారు కార్యాలయంలో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు (ఆర్.ఎస్.ఆర్.) చూడాలి. స్థలం పట్టాదా, పోరంబోకా, ఇనామా అన్నది అక్కడ తేలుతుంది. చివరనున్న వివరాల గడి తప్పకుండా చదవండి. పాఠశాల స్థలం, సంత స్థలం, చెరువు పోరంబోకు లాంటి మాటలు అక్కడే ఉంటాయి. డెల్టాలో ఎన్నో మైదానాలు ఒకప్పటి చెరువు గర్భాలే, సంత దొడ్లే.

మీ ఊరు పాత జమీందారీ కిందిదైతే ఆర్.ఎస్.ఆర్. దొరకదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక ఆ గ్రామాలకు సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (ఎస్.ఎఫ్.ఏ.) రాశారు, దాన్ని అడగాలి. ఆర్.ఎస్.ఆర్. లేదన్న జవాబు విని వెనక్కి వచ్చేసేవాళ్లు ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతున్నారు.

ఆ తర్వాత ఎఫ్.ఎం.బి. (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) పటం, సర్వే నంబరు హద్దుల కొలతలు చూపేది. అందులో కొలతలు లింకుల్లో ఉంటే పాత పటం, మీటర్లలో ఉంటే తర్వాత గీసింది. 100 లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు, అంటే 22 గజాలు. క్రికెట్ పిచ్ పొడవు సరిగ్గా ఒక సర్వే గొలుసే. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. పటంలో హద్దు గీతల పొడవులు రాసుకుని నేల మీద టేపుతో సరిచూడండి. ఏ వైపు తగ్గిందో, ఏ మూల రోడ్డులో కలిసిందో తేలిపోతుంది. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత నంబర్లు పోయి ఎల్.పి. (ల్యాండ్ పార్సెల్) నంబర్లు వచ్చాయి. కాబట్టి పాత నంబరును ఇప్పుడే, రికార్డు గదిలోంచి పుస్తకం కదలకముందే, రాసి పెట్టుకోండి.

జిల్లాల సంగతి చాలామందిని తికమక పెడుతుంది. ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాలు 1904 దాకా గోదావరి జిల్లాలో ఉన్నాయి. అక్కడినుంచి 1925 వరకు కృష్ణా జిల్లాలో ఉన్నాయి. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న మళ్లీ విడదీశారు. అందుకే 1915 నాటి ఏలూరు కాగితం కావాలంటే కృష్ణా జిల్లా పేరుతో అడగాలి. 1953 అక్టోబరు 1కి ముందు ప్రభుత్వ ఉత్తర్వులు మద్రాసువి. అవి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి.

మున్సిపాలిటీలో అడగాల్సినవి ఇంకో రెండు: కౌన్సిల్ తీర్మానాల పుస్తకం, ఆస్తుల రిజిస్టరు. గ్యాలరీ ఎవరి హయాంలో, ఎంత అంచనాతో మంజూరైందో తీర్మానంలో ఉంటుంది. నిజంగా ఎంత కట్టారన్నది మాత్రం ఇంజినీరింగ్ విభాగం కొలతల పుస్తకం (ఎం-బుక్)‌లోనే ఉంటుంది. అంచనాలో ఐదు మెట్ల గ్యాలరీ ఉండి, నేల మీద మూడే కనబడటం అరుదేమీ కాదు. ఎం-బుక్ చూడకుండా తీర్మానాన్నే చరిత్రగా రాయకండి.

కాగితాలు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై స్థాయికి 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. మీరు అడిగింది వేరే కార్యాలయంలో ఉంటే 5 రోజుల్లో వాళ్లే అక్కడికి పంపాలి, 6(3) సెక్షన్ అదే చెబుతుంది. దరఖాస్తులో “స్టేడియం చరిత్ర ఇవ్వగలరు” అని రాస్తే మా దగ్గర లేదని తేల్చేస్తారు. “ఫలానా ఆర్.ఎస్. నంబరుకు సంబంధించిన ఆర్.ఎస్.ఆర్. పుట నకలు, ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు ఆ స్థలంపై కౌన్సిల్ తీర్మానాల నకళ్లు” అని అడగాలి. కాగితం పేరు మీరు చెబితేనే కాగితం బయటికొస్తుంది.

పత్రికలకు వస్తే, 1902లో బందరులో మొదలైన కృష్ణాపత్రికలో, 1914 నుంచి దినపత్రికగా వచ్చిన ఆంధ్రపత్రికలో టోర్నమెంటు వార్తలు చిన్న అక్షరాల్లో లోపలి పేజీల్లో ఉంటాయి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, వేటపాలెం సారస్వత నికేతనం పాత సంచికలకు పెద్ద నిధులు. ప్రెస్ అకాడమీ కంప్యూటర్లోకి ఎక్కించిన పాత పత్రికలు ఇంట్లో కూర్చుని కూడా చూడొచ్చు. వెతికేటప్పుడు ఆనాటి పేరుతో వెతకండి. భీమవరం డి.ఎన్.ఆర్. కాలేజీ 1945లో డబ్ల్యూ.జి.బి. కాలేజీగా మొదలైంది. ఇప్పటి పేరుతో వెతికితే తొలి ఏళ్ల ఆటల వార్త ఒక్కటీ తగలదు.

ప్రశ్న: మా కాలేజీ గ్రౌండు ట్రాకును లోపలి అంచు వెంట టేపు పరిచి కొలిస్తే 400.4 మీటర్లు వచ్చింది. స్వాతంత్ర్యానికి ముందే మన దగ్గర 400 మీటర్ల ట్రాకు ఉండేదని రాయవచ్చా?
(కాకినాడ వైపు నుంచి ఒక పి.ఇ.టి. మాస్టారు)

రాయకండి మాస్టారూ. మీరు కొలిచింది 440 గజాల ట్రాకు. ఆ 400 అన్న అంకె అనుకోకుండా కుదిరింది.

ట్రాకు పొడవును లోపలి అంచు మీద కొలవరు. ఎత్తైన అంచు, అంటే కర్బు ఉంటే దానికి 30 సెంటీమీటర్లు బయటగా, పరుగెత్తేవాడి పాదం పడే చోట కొలుస్తారు. రెండు వంపులూ కలిస్తే ఒక పూర్తి వృత్తం. వ్యాసార్ధం 30 సెం.మీ. పెరిగితే చుట్టుకొలత 1.88 మీటర్లు పెరుగుతుంది. పాత లెక్కలో అది ఒక అడుగు, అంటే 30.48 సెం.మీ., పెరిగేది 1.92 మీటర్లు. మీ 400.4కి 1.92 కలపండి. 402.3 వస్తుంది. 440 గజాలంటే 402.34 మీటర్లు. అది అసలైన 400 మీటర్ల ట్రాకే అయితే లోపలి అంచు మీద మీకు 398.1 వచ్చి ఉండాలి.

ఇది మీ గ్రౌండుకు లోటేమీ కాదు, గట్టి సాక్ష్యం. కామన్వెల్త్ క్రీడల్లో కూడా 1966 కింగ్‌స్టన్ వరకు గజాల్లోనే పరుగులు పెట్టారు, 1970 ఎడిన్‌బరోలో మీటర్లకు మారారు. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది, అమలు దశలవారీగా జరిగింది. మీ ట్రాకు ఆ మార్పుకు ముందటి లెక్కతో వేసిందనడానికి ఆ అంచే ఆధారం. మళ్లీ వేసేటప్పుడు దాన్ని తవ్వి పారేయకుండా, కనీసం ఒక వంపు దగ్గర ఉంచండి.

కొలతను ఒకసారి తిరిగి చేయండి. గుడ్డ టేపు, ఫైబరు టేపు లాగితే సాగుతాయి. స్టీలు టేపు వాడండి. స్టీలు కూడా ఎండకు పెరుగుతుంది. 20 డిగ్రీల తేడాకు 400 మీటర్ల మీద దాదాపు 9 సెంటీమీటర్లు తప్పుతుంది. మన వేసవిలో పొద్దున్నే ఏడింటిలోపు కొలత ముగించాలి. వంపు మీద టేపును నేరుగా లాగితే అది వంపును కోసుకుంటూ పోతుంది, పొడవు తక్కువ వస్తుంది. రెండు రెండు మీటర్లకు ఒక మేకు కొట్టి, మేకుల బయటి వైపు నుంచి టేపు తిప్పండి. ఇంకా మంచి దారి, వంపు కేంద్రాన్ని పట్టుకుని వ్యాసార్ధం కొలిచి లెక్కకట్టడం. పాత గ్రౌండ్లలో కేంద్రం దగ్గర రాయో, ఇనుప గొట్టమో పాతి ఉంటుంది. గడ్డి కింద నాలుగైదు అంగుళాల్లో వెతకండి.

ఇప్పుడు ఆ ట్రాకు మీద 400 మీటర్ల పోటీ పెట్టాలంటే అంచును కదిపే పని లేదు. ముగింపు గీత ఎక్కడుందో అక్కడే ఉంచి, మొదలుపెట్టే గీతను పరుగు దిశలో 2.34 మీటర్లు ముందుకు జరపండి. 800 మీటర్లకు 4.67 ముందుకు. 1500 మీటర్లకు ముగింపు గీతకు 292.99 మీటర్లు వెనకనుంచి మొదలెట్టి, అది దాటాక మూడు పూర్తి చుట్లు తిప్పాలి. లేన్లకు భయం లేదు. పాత 4 అడుగుల లేను, ఇప్పటి 1.22 మీటర్ల లేను ఒకటే. పూర్తి చుట్టు లేన్లలో పరుగెత్తితే రెండో లేనుకు 7.04 మీటర్లు, ఆ తర్వాత ప్రతి లేనుకూ మరో 7.67 మీటర్ల చొప్పున ముందుకు జరపాలి.

కొత్తగా సున్నంతో గీసుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. పుస్తకాల్లో కనిపించే 36.50 మీటర్ల వ్యాసార్ధం, 84.39 మీటర్ల సరళరేఖ కర్బున్న ట్రాకుకు. కర్బు లేని ఉత్త గీతకు 20 సెం.మీ. బయట కొలవాలి కాబట్టి వ్యాసార్ధం 36.60 ఉండాలి. ఇది మరిచిపోతే చుట్టుకు 63 సెంటీమీటర్లు తగ్గుతుంది, పిల్లల టైములన్నీ ఉత్తపుణ్యానికి మెరుగ్గా కనిపిస్తాయి. 10 వేల మీటర్లలో ఆ లోటు 15 మీటర్లు దాటుతుంది. జిల్లా పోటీకి వెళ్లినప్పుడు పాపం ఆ పిల్లలే తెల్లబోతారు.

హైస్కూలు గ్రౌండుకు 200 మీటర్ల ట్రాకు చాలు. సరళరేఖలు 40 మీటర్లు, వంపు వ్యాసార్ధం 18.90 మీటర్లు. నాలుగు లేన్లతో మొత్తం పొడవు 87.56, వెడల్పు 47.56 మీటర్లు. అంటే ఎకరం మూడు సెంట్ల దీర్ఘచతురస్రం కావాలి.

ప్రశ్న: కాలేజీ గోడ మీది పాత విజేతల బోర్డులో “100 — 10 2/5” అని ఉంది. ఆ కుర్రాడు జాతీయ స్థాయి వాడా?
(అదే మాస్టారు)

ఆ 100 గజాలది, 91.44 మీటర్లు. ఆనాటి స్టాప్‌వాచీలు సెకనులో ఐదో వంతు చూపేవి, అందుకే 2/5 అని రాశారు. ఆ టైమును మీటర్లలోకి మార్చి రాయకండి, ఉన్నదున్నట్టు “100 గజాలు, చేతి గడియారం” అని రాయండి. 220, 440, 880 అన్నవి కూడా గజాలే. “హాప్ స్టెప్ అండ్ జంప్” అని ఉంటే అది ఇప్పటి ట్రిపుల్ జంప్.

ప్రశ్న: గ్యాలరీలో కొంత భాగం బాగా పాతదని అనుమానం. కాగితాలు లేవు. కట్టడాన్ని చూసి కాలం చెప్పొచ్చా?
(రాజమండ్రి నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని)

దశాబ్దం వరకూ చెప్పలేమమ్మా, ముందువెనకలు మాత్రం చెప్పొచ్చు. పూత ఊడిన చోట ఇటుకల మధ్య అతుకును మేకుతో గీయండి. తెల్లగా, పసుపు ఛాయలో, ఇటుక పొడి చుక్కలతో రాలితే గానుగ సున్నం. బూడిద రంగులో గట్టిగా ఉండి మేకు జారితే సిమెంటు. సున్నం గోడ మీద తర్వాత సిమెంటు పూత వేసి ఉంటారు, కాబట్టి పూతను చూసి తీర్పివ్వకండి. ఇటుకలు పది వరసగా కొలిచి సగటు తీయండి. 9 అంగుళాల లెక్కకు దగ్గరగా ఉంటే నాటు ఇటుక, 19 సెంటీమీటర్లైతే మెట్రిక్ ఇటుక. అయితే మన వైపు నాటు ఇటుక బట్టీలు ఇప్పటికీ అంగుళాల అచ్చే వాడతాయి కాబట్టి ఒక్క ఇటుకతోనే తేల్చకూడదు.

స్లాబు పెచ్చులూడి చువ్వ బయటపడితే అది మంచి సాక్షి. నున్నటి గుండ్రని చువ్వ అన్నిటికన్నా పాతది. మెలి తిప్పిన టోరు చువ్వ తర్వాతది, టి.ఎం.టి. ఇంకా తర్వాతది. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో చువ్వ తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటును తోసేస్తుంది. అలాంటి గ్యాలరీ కింద నిలబడి ఫొటోలు తీయవద్దు. మెట్టు కింద సుత్తితో మెల్లగా కొట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే అక్కడ జనాన్ని కూర్చోనివ్వకూడదని రాతపూర్వకంగా చెప్పండి. చరిత్ర రాసేవాళ్లకు ఆ బాధ్యత కూడా ఉంది.

ప్రశ్న: గ్రౌండు మూల పాత సిమెంటు దిమ్మలు రెండేసి ఎదురెదురుగా ఉన్నాయి. అవి ఏ ఆటవి?
(కోనసీమ నుంచి ఒక పాఠకుడు)

మధ్య దూరం కొలవండి. 6.10 మీటర్లైతే షటిల్. 10 నుంచి 11 అయితే వాలీబాల్, 9 మీటర్ల కోర్టుకు రెండు పక్కలా అర మీటరు నుంచి మీటరు వరకు వదులుతారు. 12.80 అయితే టెన్నిస్. 12 పైన ఉండి స్తంభం ఎత్తు ఆరడుగులు ఉంటే అది బాల్ బ్యాడ్మింటన్. టెన్నిస్ స్తంభం మూడున్నర అడుగులు దాటదు. 7.32 ఫుట్‌బాల్ గోలు, 3.66 హాకీ గోలు.

బాల్ బ్యాడ్మింటన్ కోర్టు మీ ఊళ్లో ఉంటే దాన్ని వివరంగా రాయండి. 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, వైపుకు ఐదుగురు, పసుపు ఉన్ని బంతి. బంతి బరువు 27 నుంచి 30 గ్రాములు కాబట్టి సముద్రపు గాలిలో కూడా ఆరుబయట ఆడొచ్చు, షటిల్ కాక్ ఆ గాలికి నిలవదు. షటిల్ ఎదగాలంటే పైకప్పు ఉండాల్సిందే. అమలాపురంలో పుట్టిన సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి 2022లో థామస్ కప్ గెలిచిన భారత జట్టులో ఉన్నాడు, అదే ఏడు కామన్వెల్త్ డబుల్స్ స్వర్ణం కూడా అందుకున్నాడు. మీ ఊరి ఇండోర్ హాలు ఎప్పుడు కట్టారు, పైకప్పు ఎత్తెంత, మొదట ఎన్ని కోర్టులు అన్నవి ఇప్పుడే రాసి పెట్టండి. పదేళ్లు పోతే ఇవి అడిగేవాళ్లు ఉంటారు, చెప్పేవాళ్లు ఉండరు.

ప్రశ్న: వానాకాలం వస్తే మా స్టేడియం చెరువే. పాతరోజుల్లో ఇలా ఉండేది కాదంటారు. ఎన్నిసార్లు మట్టి తోలినా ఇంతే. ఎందుకు? బాగు చేయడమెలా?
(భీమవరం, పాలకొల్లు వైపు నుంచి పలువురు)

పెద్దలు చెప్పింది నమ్మదగ్గదే. గ్రౌండు కుంగలేదు, చుట్టూ ఊరు లేచింది. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత దాని మీద కొత్త పొర పడింది, ఇళ్ల అరుగులు పెరిగాయి, గ్రౌండు ఒక్కటే పాత మట్టంలో మిగిలింది. ఒకప్పుడు నీరు పోయిన పంట బోదెలు ఇళ్ల కింద పూడిపోయాయి. దానికి తోడు మన నేల ఒండ్రు బంకమట్టి, నీరు తాగాక ఉబ్బి బిగుసుకుంటుంది, ఇక కిందికి వదలదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటినుంచి డెల్టాలో కాలువ పారుతున్నంతకాలం భూమిలో నీటిమట్టం పైనే ఉంటుంది. అందుకే గ్రౌండు పని ఏదైనా వేసవిలో కాలువలు కట్టేశాక మొదలుపెట్టి, నీళ్లు వదిలేలోపు ముగించాలి. జూలైలో తవ్విన గోతిలో పైపు వేయలేరు, మట్టి జారి పూడుస్తుంది.

ఏ పనీ చేయకముందు ఒక గుంత తవ్వండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు. అంచును పారతో నిలువుగా చెక్కి చూస్తే మట్టి పొరలు కనిపిస్తాయి. మెట్ట నుంచి తోలిన ఎర్ర గ్రావెల్, ఇటుక ముక్కలు, బొగ్గు పొడి, అడుగున నల్లటి చెరువు బురద, ఇలా ఎన్నిసార్లు ఏం పోశారో అందులో ఉంటుంది. 1986 ఆగస్టు వరద ఎక్కిన ఊళ్లలో సన్నటి ఒండ్రు పొర దొరకవచ్చు. ఫొటో తీసి, ప్రతి పొర మందం రాసుకోండి. మీ స్టేడియం చరిత్రలో ఇదొక అధ్యాయం, ఇంజినీరుకు కావలసిందీ ఇదే.

తర్వాత మట్టాలు. డంపీ లెవెల్ (మట్టాలు చూసే పరికరం) దొరక్కపోతే పారదర్శక నీళ్ల ట్యూబు చాలు. ట్యూబులో గాలి బుడగ ఉంటే లెక్కంతా తప్పుతుంది. ఐదేసి మీటర్ల గళ్లలో మట్టాలు తీయండి. నీరు వదలాల్సిన మురుగు డ్రెయిను నీటిమట్టాన్ని వేసవిలో కాదు, అక్టోబరు వానల్లో చూసి గోడ మీద గీత పెట్టుకోండి. సముద్రానికి దగ్గరైన డ్రెయిన్లు పోటు సమయంలో వెనక్కి తన్నుతాయి. మీ గ్రౌండు పైపు నోరు ఆ గీతకన్నా కింద ఉంటే ఎంత ఖర్చు పెట్టినా డ్రెయిను నీరే లోపలికి వస్తుంది. అలాంటి చోట సంపు కట్టి, మోటారు పెట్టి తోడటం తప్ప వేరే దారి లేదు. ఈ ఒక్క కొలత తీయకపోవడం వల్లే ఎక్కువ పనులు మట్టిపాలవుతున్నాయి.

ఫుట్‌బాల్ గ్రౌండు 100 మీటర్ల పొడవు, 64 మీటర్ల వెడల్పు అనుకుందాం. మధ్య నుంచి పక్కలకు నూటికి ఒకటి వాలు ఇస్తే నడిమధ్య 32 సెంటీమీటర్లు ఎత్తు ఉండాలి. పైపొర 10 సెం.మీ. వేయాలంటే 640 ఘనపు మీటర్ల మట్టి. అది అణిచాక ఉండాల్సిన లెక్క. వదులుగా తోలేటప్పుడు పాతిక శాతం ఎక్కువ కావాలి, అంటే 800 ఘనపు మీటర్లు. మన ట్రాక్టర్ల లెక్కలో 100 ఘనపు అడుగులు ఒక యూనిట్ కాబట్టి సుమారు 282 యూనిట్లు. ఎవరైనా 150 యూనిట్లతో అయిపోతుందంటే పైపొర మందం ఎంతో వెంటనే అడగండి.

కింద పైపులు వేయాలి. ఆరేసి మీటర్లకు ఒక గాడి, వెడల్పు 30 సెం.మీ., లోతు మధ్యలో 45 నుంచి మొదలై అంచుకు చేరేసరికి 61. ఆ 32 మీటర్లకు నేల వాలు కాకుండా అదనంగా రెండు వందలకు ఒకటి వాలు అలా వస్తుంది. గాడిలో నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, 100 మి.మీ. చిల్లుల పైపు పెట్టి, 20 మి.మీ. కంకర పోసి, గుడ్డ మడిచి, పైన ముతక గోదావరి ఇసుకను నేల మట్టం దాకా నింపాలి. మొత్తం 17 వరసలు, సుమారు 1,090 మీటర్ల పైపు. కూలీలు తవ్విన బంకమట్టినే తిరిగి గాడి మీద కప్పేస్తారు. ఒక్క బెత్తెడు మందం కప్పినా చాలు, కిందనున్న పనంతా దండగ. ఆ రోజు దగ్గరుండి చూడాల్సింది ఇదే.

చేయకూడనివి రెండు గట్టిగా చెబుతున్నాం. బంకమట్టి మీద నాలుగు లారీల ఇసుక చల్లి రోలరు తొక్కించకండి. ఇసుక 70 శాతం దాటేంత వరకు ఆ మిశ్రమం ఇటుకలా గట్టిపడుతుందే గానీ నీరు వదలదు. రొయ్యల చెరువుల్లోంచి తీసిన మట్టి ఊరికే వస్తుందని తోలించకండి. ఉప్పుకు గడ్డి చస్తుంది, వేసవిలో తెల్లటి పొర తేలుతుంది. ఏ మట్టినైనా వ్యవసాయశాఖ భూసార పరీక్ష కేంద్రానికి పంపి, విద్యుత్ వాహకత 1 మిల్లీమోస్ లోపు ఉంటేనే ఒప్పుకోండి.

అదే బంకమట్టి క్రికెట్ పిచ్‌కు మాత్రం వరం. 20.12 మీటర్ల పొడవు, 3.05 మీటర్ల వెడల్పు మేర పలుచటి పొరలుగా వేసి, తడిపి, ఆరుతుండగా రోలరు తిప్పితే గట్టిగా నిలుస్తుంది. పక్కనున్న నేలకన్నా కాస్త ఎత్తుగా ఉంచండి, వాన వస్తే కప్పండి.

ప్రశ్న: మా గ్రౌండుకు మూడు పేర్లు మారాయి. పుస్తకంలో ఏది రాయాలి?
(ఏలూరు నుంచి ఒక పాఠకుడు)

ఏ ఏడు ఏ పేరు వాడుకలో ఉందో ఆ సంఘటనకు ఆ పేరే. పేరు మార్చిన తీర్మానం తేదీ దొరికితే పక్కన ఇవ్వండి. మీ ఏలూరులోనే అల్లూరి సీతారామరాజు పేరిట స్టేడియం ఉంది. ఆయన అమరుడైంది 1924 మే 7న. పేరును బట్టి నేల వయసు కట్టలేమనడానికి ఇదే చాలు. జనం నోట్లో నానిన పేరు, కాగితాల్లో ఎక్కడా లేకపోయినా, తప్పకుండా రాయాలి. పాత ఆటగాళ్లు గుర్తుపట్టేది దాన్నే.

ప్రశ్న: పాత ఆటగాళ్లను అడిగితే “అప్పట్లో” అంటారు, ఏడాది చెప్పలేరు. ఎలా రాబట్టాలి?
(కోనసీమ నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

ఏడాది అడగొద్దమ్మా, ఆనవాలు అడగండి. “పుష్కరాలకు ముందా, తర్వాతా?” అంటే ఠక్కున చెబుతారు. గోదావరి పుష్కరాలు 1967, 1979, 1991, 2003, 2015లో వచ్చాయి. రాజమండ్రి రోడ్డు కం రైలు వంతెన 1974. పెద్ద వరద 1986 ఆగస్టు. కోనసీమను కూల్చిన తుఫాను 1996 నవంబరు 6. ఈ గుర్తుల మధ్య పెడితే ఏ మ్యాచినైనా మూడు నాలుగేళ్ల లోపుకు తేవచ్చు, ఆ తర్వాత పత్రికల్లో వెతకడం తేలిక. పెద్దాయన్ను వీలైతే గ్రౌండుకే తీసుకెళ్లి అడగండి, ఇంట్లో గుర్తురానివి అక్కడ గుర్తొస్తాయి. పొద్దున్న చల్లపూట, కుర్చీ, మంచినీళ్లు మరవకండి. ఆయన చూపిన చోటు ఫోనులో గుర్తుపెట్టుకుని, ఎన్ని అడుగులో కొలిచి పటం మీద వేయండి. గోడ మీది గ్రూపు ఫొటోను అద్దం తీయకుండా ఏటవాలుగా ఫొటో తీస్తే మెరుపు పడదు. వెనకవైపు స్టూడియో ముద్ర, సంతకాలు ఉంటాయి, అదీ తీయండి. వరస పేర్లు ఎడమ నుంచి కుడికి ఆయన చెబుతుండగానే రాసుకోండి.

ప్రశ్న: మా స్టేడియంలో ఒక మూల దుకాణాల సముదాయం కడతారని వింటున్నాం. చరిత్ర రాసేవాళ్లం ఏం చేయగలం?
(పేరు వద్దన్న పాఠకుడు)

చాలా చేయగలరు. మీ దగ్గరున్న టి.ఎస్.ఎల్.ఆర్. నకలు, పాత ఎఫ్.ఎం.బి. ఇప్పుడు ఆయుధాలు. ముందు పట్టణ మాస్టర్ ప్లానులో ఆ సర్వే నంబరుకు ఏ వినియోగం చూపారో అడిగి రాతలో తీసుకోండి. స్థలం రిజిస్ట్రేషన్ చేయకూడని 22-ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో సబ్ రిజిస్ట్రారు దగ్గర చూడండి. లేకపోతే చేర్చమని కలెక్టరుకు అర్జీ పెట్టండి. మున్సిపల్ ఆస్తుల రిజిస్టరులో విస్తీర్ణం, పటంలో విస్తీర్ణం ఒకటేనా చూడండి. తేడా ఎన్ని సెంట్లో అర్జీలో అంకెతో సహా రాయాలి.

బెంగళూరులో ఉద్యానవనానికి వదిలిన స్థలాన్ని ఆసుపత్రికి ఇస్తే సుప్రీంకోర్టు 1991లో ఆ కేటాయింపును కొట్టేసింది. బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసని దాన్ని పిలుస్తారు. గ్రామ ఉమ్మడి స్థలాల ఆక్రమణల మీద 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు ఇంకా గట్టిది. రెండింటి పేర్లూ అర్జీలో రాయండి. అయితే తీర్పుల కన్నా ముందు అధికారి చూసేది రికార్డులో ఆటస్థలం అన్న మాట ఉందా లేదా అన్నదే. అది లేకపోతే ఆ మాట చేర్పించడమే మొదటి పని. ఆ మేరకు కౌన్సిల్ తీర్మానం కాగానే ధ్రువీకరించిన నకలు తీసుకుని, ఒకటి కాలేజీ లైబ్రరీలో, ఒకటి శాఖా గ్రంథాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి.